ఇద్దరు నేతగాళ్ళ నరాలు

మా మామయ్య అసియామా మగ్గం మీద ఉండగా ఆయన కాలి వేళ్ళ మధ్యనుంచి బిళ్ళ లాగేసినవాడు వియాఫే. సరదాకే లాగాడు, కీడు తలపెట్టి కాదు.

మా ఊళ్ళో కెంటె అనే రంగుల పట్టీల బట్ట నేసేవాళ్ళకు చేతులెంత ముఖ్యమో కాళ్ళూ అంతే. మగ్గం కిందికి వేలాడే అచ్చుతాళ్ళ చివర సొరబుర్ర బిళ్ళలు కట్టి ఉంటాయి. వాటిని బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించుకుని నొక్కుతారు. ఒక కాలు నొక్కితే పడుగు ఒక రకంగా తెరుచుకుంటుంది, రెండో కాలు నొక్కితే ఇంకో రకంగా. నేతగాడు కిందికి చూడడు, కాళ్ళే చూసుకుంటాయి.

ఆ శనివారం నేను కుమాసి పట్నం నుంచి వచ్చి, మగ్గాల పాకలో పీట మీద కూర్చుని వేయించిన అరటిముక్కలు తింటున్నాను. వియాఫే మగ్గం మామయ్య మగ్గం పక్కనే. ఇద్దరిదీ ఒకే ఈడు. చిన్నప్పటినుంచీ ఒకరినొకరు ఓడించాలని చూడని రోజు లేదు. వియాఫే మా అందరికీ కన్నుగీటి, కింద పడ్డ కండె కోసమన్నట్టు వంగి, మామయ్య ఎడమకాలి వేళ్ళలోంచి బిళ్ళను మెల్లగా తప్పించాడు. పాకంతా నవ్వు ఆపుకుంటూ చూస్తోంది.

మామయ్య కాలు నొక్కాడు. పడుగు తెరుచుకోలేదు. నాడె మూసుకున్న దారాలకు తగిలి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ ఆగింది.

"ఏ దారం చిక్కుపడిందిరా ఇక్కడ?" అంటూ దారాల్లోకి తొంగి చూశాడు. కాలివైపు చూడనే లేదు.

అందరూ పకపకా నవ్వారు. వియాఫే బిళ్ళను గాల్లో ఊపాడు. "ఒరేయ్ అసియామా, గాలి తొక్కుతున్నావురా!"

మామయ్య ఆ బిళ్ళను చూశాడు. తన కాలిని చూసుకున్నాడు. మళ్ళీ బిళ్ళను చూశాడు. "ఎప్పుడు తీశావురా దాన్ని?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. నా నోట్లో అరటిముక్క అలాగే ఉండిపోయింది. ఆ జబ్బేదో అక్కడున్న వాళ్ళందరికంటే నాకే బాగా తెలుసు. దాని మీద పరిశోధనే నేను రోజూ చేసే పని.

లేచి వెళ్ళి మామయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "కళ్ళు మూసుకో మామయ్యా. నేను తగిలించినప్పుడల్లా చెప్పు." తెగిన దారపు కొసను బొటనవేలికి ఆనించి నొక్కాను. తర్వాత అరికాలికి, తర్వాత మడమకు.

కాసేపాగి మామయ్య అన్నాడు: "మొదలుపెట్టు మరి, ఎంతసేపు కూర్చోబెడతావు?"

నేను అప్పటికే మూడుచోట్లా నొక్కేసి రెండో కాలికి వచ్చాను.

ఇంటికి వెళ్ళాక మొత్తం బయటపడింది. ఏళ్ళనుంచీ షుగరు ఉందట. గుర్తొచ్చినప్పుడు మాత్ర, గుర్తు రానప్పుడు చేదాకు కషాయం. పాదాలకు పత్తి చుట్టినట్టు ఉంటుందట. పడుకుంటే మంటలట.

మా అత్త పొకువా గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "ఇన్నేళ్ళూ నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"చెప్తే నా ఫుఫూ ముద్ద సగం చేస్తావని."

"ఇప్పుడు పావు చేస్తా, చూస్తూ ఉండు!"

మామయ్య నావైపు తిరిగాడు. "డూఫియే, ప్రయోగశాలలో నువ్వు పెంచే ఎలుకలకు ఇదే జబ్బు కదూ? అసలు చక్కెరకూ కాలికీ ఏమిటే సంబంధం? నోట్లో వేసుకున్నది వేళ్ళనెలా తింటుంది?"

నేను ఆ విషయం మీద పెద్ద సభల్లో మాట్లాడాను గాని, మామయ్యకు చెప్పడం అన్నిటికంటే కష్టం. "నరంలో చిన్న చిన్న పొయ్యిలుంటాయి మామయ్యా. రక్తంలో చక్కెర ఎక్కువైతే అవి అతిగా మండుతాయి. మండినప్పుడు ఆక్సిజన్ రవ్వలు చిమ్ముతాయి. అదొకటి. ఒంట్లోనే నైట్రిక్ ఆక్సైడ్ అని ఇంకొకటి పుడుతుంది. అది మంచిదే, రక్తనాళాలు బిగుసుకుపోకుండా చూస్తుంది. కానీ ఈ రెండూ ఎదురుపడ్డాయా, కలిసిపోయి మూడోది పుడుతుంది. అదే నరాన్ని కొరికేది."

మామయ్య తల ఊపాడు. "మీ అత్త తమ్ముళ్ళలాగా అన్నమాట. విడిగా వస్తే ఒకడు కట్టెలు కొట్టిపెడతాడు, ఇంకొకడు పైకప్పు బాగుచేస్తాడు. ఇద్దరూ కల్లుకుండ దగ్గర కలిశారంటే కుర్చీలు మిగలవు."

"నా తమ్ముళ్ళ జోలికి రాకు!" అంది అత్త.

"సరే, మరి నీ ఎలుకలకి ఏం మందు పోస్తున్నావు?"

"మామయ్యా, అది ఎలుకల మందు."

"నేను అడిగిందీ అదే."

నేను ఇవ్వనన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మామయ్య నవ్వి ఊరుకున్నాడంటే ఏదో చేయబోతున్నాడన్నమాట. అందులోనూ పక్క ఊరి కొత్త దొర పీఠమెక్కే రోజుకి కట్టాల్సిన పెద్ద వస్త్రం మామయ్య చేతిలో ఉంది. నెలల ముందే ఒప్పుకున్న పని.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆయన మా ప్రయోగశాల గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. భుజం మీదుగా మంచి వస్త్రం కట్టుకుని, చేత్తో పెద్ద అరటిగెల పట్టుకుని ట్రోట్రో వ్యాను దిగి వచ్చాడు. నన్ను దాటుకుని నేరుగా మా పరిశోధన నడిపించే ప్రొఫెసర్ అనొచేవా బల్ల దగ్గరికి వెళ్ళి గెల ఆ బల్లమీద పెట్టాడు. ఆవిడ పొట్టిమనిషి. గెల వెనక కళ్ళజోడు మాత్రమే కనిపించింది.

"ప్రొఫెసరమ్మా, మా మేనకోడలు పిసినారిది. ఎలుకలకిచ్చేది మేనమామకివ్వదట. మీరైనా ఇప్పించండి."

ఆవిడ గెల పక్కకు జరిపి ఆయన్ని కూర్చోబెట్టింది. "పెద్దాయనా, ఆ మందు ఎలుకల కాళ్ళను కాపాడుతోంది, నిజమే. మీ కాలేయాన్ని పాడుచేస్తుందో లేదో నాకు తెలీదు. తెలీనిది మీకివ్వను. డూఫియే మీకు చెప్పే ఉంటుంది, ఉత్త రవ్వల్ని ఆర్పే మందులు మనుషుల మీద చాలామంది చాలాసార్లు వాడి చూశారు. అనుకున్నంత జరగలేదు. ఆ రవ్వల నుంచి పుట్టే మూడోది మనుషుల్లో ఎప్పుడు మొదలవుతుందో, ఎంత ముందు పట్టుకోవచ్చో తెలిస్తే తప్ప మా పని ముందుకు పోదు."

"అది తెలియాలంటే?"

"కాలి దగ్గర చర్మం కావాలి. మిరియపు గింజంత. ఆసుపత్రివాళ్ళూ ఒప్పుకున్నారు, పరిశోధనలకు అనుమతిచ్చే పెద్దల సంఘమూ ఒప్పుకుంది. ఒప్పుకోనిది మనుషులే. మాంసం కోసి మంత్రాలకు వాడతామని పుకారు. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు."

"మిరియపు గింజంతా?" మామయ్య పెద్దగా నవ్వాడు. "మా పాకలో దోమలు అంతకంటే పెద్ద ముక్క పట్టుకుపోతాయి. తీసుకోండి! కానీ ఒక్క మాట. నా నరం నేను కళ్ళారా చూడాలి."

"నేనే చూపిస్తాను. ఇంకో మనిషి కూడా కావాలి పెద్దాయనా. మీ ఈడువాడు, షుగరు లేనివాడు. మీతో పోల్చి చూడటానికి."

మామయ్య ముఖం వెలిగిపోయింది. "ఉన్నాడు. జీవితమంతా నాతో పోల్చుకుంటూనే ఉన్నాడు."

మర్నాడు పాకలో ఆ బేరం ఎలా జరిగిందో అత్త నాకు ఫోనులో చెప్పింది. తన తోలు జోలికి రావద్దని వియాఫే మగ్గం దిగి పారిపోబోయాడట. మామయ్య అందరూ వినేలా, "భయమైతే చెప్పరా, మీ ఆవిణ్ణి అడుగుతా. ఆవిడ మగతనం ముందునుంచీ తెలుసు నాకు," అన్నాడట. అంతే, వియాఫే చొక్కా తొడుక్కున్నాడట.

వియాఫే రక్తం పరగడుపున తీసి చూశారు. షుగరు సరిగ్గా ఉంది. ఇద్దరికీ చీలమండ పైన మత్తు సూది వేసి చర్మం తీశారు. మామయ్య డాక్టరుతో కబుర్లు చెప్తూ కూర్చున్నాడు. వియాఫే మాత్రం సూది చూడగానే కళ్ళు మూసుకుని చర్చిపాట ఎత్తుకున్నాడు, కట్టుకట్టేదాకా ఆపలేదు.

ఆ ముక్కలను పలచటి పొరలుగా కోసి నేను గాజుపలకల మీద పరిచాను. కొన్నిటికి నరాలు నల్లటి దారాల్లా కనబడే రంగు. మరికొన్నిటికి ఆ మూడోది కొరికిన చోటల్లా కోకో రంగు తేలే మందు. మొదట మామయ్యది. చుక్క వేసి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాను. ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో ఒక మూల గోధుమ మరక. తర్వాత ఇంకొకటి. చూస్తూండగానే, కోకో గింజలు ఎండబెట్టిన చాపలాగా ఆ పొర పొరంతా రంగెక్కింది!

"ప్రొఫెసరమ్మా!" అని నేను అరిచిన అరుపుకి పక్కగదివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆవిడ నన్ను స్టూలు మీంచి తోసేసి తను కూర్చుంది. "ఉంది... ఉంది! ఎలుకల్లో ఉన్నట్టే ఉంది! డూఫియే, వేరే దేశాల వాళ్ళ పేపర్లలో చదవడం కాదు, మన మనిషిది, మన బల్లమీద!" నా చేతులు పట్టుకుని గుండ్రంగా తిప్పేసింది. నల్లరంగు వేసిన పొరలో మామయ్య నరాలు నాలుగైదు తెగిన కొసలే మిగిలాయి. అది చూసి ఏడుపొచ్చింది. అయినా సంతోషం ఆగలేదు. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఊపులోనే వియాఫేది పెట్టాను. నల్ల పొరలో నరాలు కిక్కిరిసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఉన్నట్టున్నాయి. తర్వాత రెండో పొర. చుక్క వేశాను. రంగు రాకూడదు.

వచ్చింది. పలచగానే, కానీ వచ్చింది. అదే కోకో రంగు.

జబ్బు లేనివాడికీ రంగు వస్తే ఆ మందు అందరినీ పూసేస్తోందన్నమాట. మామయ్యలో చూసినదానికీ అర్థం లేదన్నమాట. ఇందాకటి గంతులన్నీ ఉత్తివే. కొత్త సీసా విప్పి మళ్ళీ చేశాను. మళ్ళీ వచ్చింది. మాతో పనిచేసే ఒక అమ్మాయి తన చర్మమే తీయించుకుని తెచ్చింది. ఆ పొర మాత్రం కడిగిన అద్దంలా ఉంది, చిన్న మరక కూడా లేదు.

ప్రొఫెసర్ అనొచేవా మూడు పలకలనూ వరసగా పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి అడిగింది. "వియాఫేకి షుగరు లేదని ఎవరన్నారు?"

"పరగడుపు రక్తం బాగుంది కదమ్మా."

"చక్కెర నీళ్ళు తాగించి చూశారా?"

ఫోను తీసి వియాఫేకు చేశాను. "బాబాయ్, రేపు పొద్దున్నే ఏమీ తినకుండా ఆసుపత్రికి రాగలవా?"

"మళ్ళీ సూదేనా? మీ మామని కోసుకోండి, నన్నొదిలెయ్యండి."

"ఈసారి తియ్యటి నీళ్ళు తాగించి, చిటికెడు రక్తం తీస్తారంతే."

"తియ్యటివా? అయితే వస్తా."

ఆయన రోజుకు ఎన్ని తియ్యటి మాల్ట్ సీసాలు తాగుతాడో ఊళ్ళో అందరికీ తెలుసు. మామయ్య తోడు వచ్చాడు. చక్కెర నీళ్ళు గటగటా తాగి, పెదాలు తుడుచుకుని, "ఇదేం పరీక్షరా, రోజూ చెయ్యమను," అన్నాడు వియాఫే. రెండు గంటల తర్వాత తీసిన రక్తం ఫలితం నర్సు నా చేతికిచ్చింది. దిగాల్సిన షుగరు దిగలేదు. తిన్నాక పెరిగి, అక్కడే కూర్చుంటోంది. పరగడుపున మాత్రం ఏమీ ఎరగనట్టు నక్కి ఉంటోంది.

ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగి, ఎండలో విశ్వవిద్యాలయం గేటు దాటి పరిగెత్తుకెళ్ళాను. ప్రొఫెసర్ చదివింది. రెండోసారి చదివింది. ఎత్తుమడమల చెప్పులు విదిలించి పారేసి, గది మధ్యలో ఆడొవా నాట్యం మొదలుపెట్టింది!

"మరక ముందొచ్చింది డూఫియే! నరాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, కానీ మరక ముందే వచ్చేసింది! అంటే మధ్యలో వ్యవధి ఉంది! ఆపడానికి వ్యవధి ఉంది!"

మామయ్య, వియాఫే వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఈవిడకి కూడా తియ్యనీళ్ళు పట్టారా?" అని వియాఫే గొణిగాడు.

ఇద్దరినీ కూర్చోబెట్టాను. మామయ్యకు ప్రొఫెసర్ ఇచ్చిన మాట ప్రకారం ముందు ఆయనవి చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. "ఇవేనా మిగిలినవి?" అన్నాడు. అవునన్నాను. తర్వాత వియాఫేవి చూపించాను. ఆ కిక్కిరిసిన దారాలను చూసి వియాఫే ఛాతీ పొంగింది. "చూశావురా అసియామా, పడుగంటే అదీ!"

"బాబాయ్, ఇంకోటి కూడా చూడు," అని రంగు పలక పెట్టాను. "ఈ కోకో రంగు ఉండకూడదు. షుగరు నీకూ మొదలైంది. నరాలకు నిప్పంటుకుంది, కానీ ఇంకా ఏదీ కాలిపోలేదు. ఇప్పుడు జాగ్రత్తపడితే ఆరిపోవచ్చు."

వియాఫే ముఖం వాడిపోయింది. నేను మామయ్య వైపు భయంగా చూశాను. ఇంత మంచి అవకాశం ఆయనకు జీవితంలో ఎప్పుడూ చిక్కలేదు. ఎగతాళి చేయడానికి నోరు తెరిచాడనే అనుకున్నాను.

"నా కాళ్ళు కూడా ఎప్పుడో ఒకనాడు ఇలాగే ఉండేవా?" అని అడిగాడు. "దారాలన్నీ ఉండి, మరక మాత్రం పడి?"

"ఉండే ఉంటాయి మామయ్యా."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మరుక్షణం లేచి వియాఫే మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించేశాడు. "దొంగవెధవా! ఎంత అదృష్టవంతుడివిరా! నా కాళ్ళ పుణ్యాన బయటపడ్డావు. ఇవాళ్టినుంచి ఆ మాల్ట్ సీసా ముట్టావో, నీ మగ్గం విరిచి పొకువాకి కట్టెలకిస్తా!"

"ఊపిరాడట్లేదురా!"

"ఆడకపోయినా ఫర్వాలేదు, నరాలు బాగున్నాయిగా!"

పెద్ద వస్త్రం సంగతి ఊరికి తిరిగివెళ్ళే ట్రోట్రోలోనే తేలిపోయింది. వియాఫే కాళ్ళతో నేస్తాడు, మామయ్య పక్కన కూర్చుని రంగులూ వరసలూ చెప్తాడు. ఆ తర్వాతి నెలల్లో పాక చెవులు చిల్లులు పడ్డాయి. "ఆకుపచ్చ అన్నానా, పసుపన్నానా?" "నువ్వన్నది నీకే వినపడదు!" కానీ పొద్దున్నే ఎండ ముదరకముందు ఇద్దరూ కోకో తోటల దారిన చెరో కర్ర పట్టుకుని నడిచేవారు. మామయ్య మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదు. తప్పితే వియాఫే ఊరంతా చాటుతాడు. వియాఫే కంచంలో ఫుఫూ ముద్దను అత్తే కొలిచి పెట్టేది. మామయ్య అరికాళ్ళను వియాఫే రోజూ తిప్పి చూసేవాడు, ముల్లుగాని, గాయంగాని ఉన్నాయేమోనని. తెలియని కాలికి ఇంకొకరి కళ్ళే దిక్కు.

కొత్త దొర ఎర్రగొడుగు కింద ఆ వస్త్రం కట్టుకుని బయటికొచ్చినప్పుడు జనం ఒక్కసారిగా అరిచారు. డప్పుల మోతను మించి మామయ్య, వియాఫే కేకలు వినిపించాయి. ఆ అంచు పట్టీ నాదంటే నాదని.

ఏడాది తిరిగాక ఇద్దరూ తమంతట తామే వచ్చి మళ్ళీ చర్మం ఇచ్చారు. ఈసారి వియాఫే పాట పాడలేదు. ఆయన పొరలో కోకో రంగు వెతికితే గాని దొరకలేదు. మామయ్య పొరలో పాత కొసల పక్కన వెంట్రుకకంటే సన్నగా కొత్త మొలకలు రెండో మూడో కనిపించాయి. నేను లెక్క తప్పుతున్నానేమోనని ప్రొఫెసర్‌ని చూడమన్నాను. ఆవిడ కూడా అన్నే చూసింది. ఎడమ పాదం పెద్దగా మారలేదు. కుడి బొటనవేలికి మాత్రం దారపు కొస ఆనిస్తే మామయ్య కళ్ళు మూసుకునే "అదిగో!" అన్నాడు. నేను మళ్ళీ ఆనించాను. "అదిగో! మళ్ళీ!" వద్దన్నా వినకుండా ఆ ఒక్క వేలితోనే నన్ను అరగంట ఆడించాడు.

"సంబరపడండి, కానీ ఎక్కడా చాటకండి," అంది ప్రొఫెసర్ అనొచేవా. "ఇద్దరు మనుషులతో ఏదీ తేలదు. చక్కెర తగ్గడం వల్లనా, నడక వల్లనా, ఇంకేదైనానా? చాలామంది కావాలి. వాళ్ళెక్కడ దొరుకుతారో నాకు తెలీదు."

"ఎంతమంది?" అన్నాడు మామయ్య.

"ఎంతమంది వస్తే అంతమంది."

తర్వాతి సోమవారం ఉదయం ఆసుపత్రి ముందు గోల వినిపించి బయటికొచ్చాను. రెండు ట్రోట్రోలు ఆగి ఉన్నాయి. మా పాకలో నేసేవాళ్ళందరూ దిగుతున్నారు. వాళ్ళ వెనక బట్టలమ్మే ఆడవాళ్ళు, వియాఫే భార్య, అత్త పొకువా, కుర్చీలు విరగ్గొట్టే ఆవిడ తమ్ముళ్ళిద్దరూ. వియాఫే తలుపు దగ్గర నిలబడి వరస సరిచేస్తున్నాడు. "తోసుకోకండి, సూది నొప్పెట్టదు, నేను రెండుసార్లు చేయించుకున్నా, పాట కూడా పాడక్కర్లేదు!"

"నా నరాలు నీకంటే చిక్కగా ఉంటాయిరా," అన్నాడు వరసలోంచి ఒకడు.

"చూద్దాం, చూద్దాం! పలక మీద తేలుతుంది!"

ప్రొఫెసర్ అనొచేవా మెట్ల మీద నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ వరసను చూస్తోంది. "డూఫియే, అంతమందికి మన దగ్గర చర్మం వేసే సీసాలు లేవే!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. నేను పక్క విభాగంలో సీసాలు అరువడగడానికి పరిగెత్తాను.